అజైబాలో టెలోమియర్ కొలవాలంటే

మస్కట్ విమానాశ్రయం నుంచి నగరం వైపు వస్తుంటే సుల్తాన్ కాబూస్ రోడ్డుకు ఎడమపక్కన సముద్రం దాకా పరుచుకున్న పేట అజైబా. విల్లాలు, ఆఫీసులు, బీచి. అక్కడికి దగ్గర్లోనే ఘలా పారిశ్రామిక ప్రాంతం. ఈ చుట్టుపక్కల మనవాళ్లు రెండు రకాలుగా కనిపిస్తారు. ఏసీ గదుల్లో డ్రాయింగులు చూసే ఇంజినీర్లు, అకౌంటెంట్లు, నర్సులు ఒక రకం. ఆ డ్రాయింగుల ప్రకారం గోడ లేపే మేస్త్రీలు, షట్టరింగ్ కార్పెంటర్లు, డ్రైవర్లు, ఇళ్లలో వంటకూ పిల్లల్ని చూసుకోవడానికీ వచ్చిన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఇంకో రకం. జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఆరుబయట పని చేయించకూడదని ఒమాన్‌లో నిబంధన ఉంది. ఆ మూడు గంటలు తీసేసినా రోజులో ఎండ చాలానే మిగులుతుంది.

నలభై ఐదేళ్ల ఇంజినీరు ఒకరు, అదే వయసు మేస్త్రీ ఒకరు ఉన్నారనుకుందాం. ఇద్దరిలో ఎవరి ఒళ్లు త్వరగా ముసలిదవుతోంది? చుక్క రక్తం తీసి చెప్పేయొచ్చా? చెప్పేయొచ్చని ఇంటర్నెట్‌లో కిట్లు అమ్మేవాళ్లు అంటున్నారు. వాళ్లు కొలిచేది టెలోమియర్ పొడవు. నాకు తెలిసినంతలో అజైబాలో ఇలాంటి సర్వే ఎవరూ చేయలేదు. చేద్దామని కాగితం, కలం పట్టుకుని కూర్చుంటే ఏమేం అడ్డొస్తాయో చూస్తే, ఆ కిట్ల మాట ఎంతవరకు నమ్మొచ్చో దానంతటదే తేలుతుంది.

మన కణాల్లో 46 క్రోమోజోములు, వాటికి 92 కొసలు. ప్రతి కొసనా టీటీఏజీజీజీ అనే ఆరక్షరాల వరస వందలసార్లు, వేలసార్లు మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ భాగమే టెలోమియర్. చీర అంచుకు పీకో కొట్టించినట్టు అది క్రోమోజోము కొస చెదిరిపోకుండా కాపాడుతుంది. కణం రెండుగా చీలిన ప్రతిసారీ డీఎన్‌ఏకు నకలు తీయాలి. నకలు తీసే యంత్రాంగం చిట్టచివరి దాకా చేరలేదు, అందుకని కొస కాస్త కాస్త తరిగిపోతుంది. ఈ చిక్కును 1971లో రష్యన్ శాస్త్రజ్ఞుడు ఒలోవ్‌నికోవ్, మరుసటి ఏడు జేమ్స్ వాట్సన్ విడివిడిగా ఎత్తి చూపారు. అంతకు పదేళ్ల ముందే హేఫ్లిక్, మూర్‌హెడ్ మనిషి కణాలను గాజుపాత్రలో పెంచి, అవి కొన్ని పదులసార్లు చీలాక ఆగిపోతాయని చూపించారు. కొసల్లో ఉన్న అక్షరాలేమిటో 1978లో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్ చెప్పారు. వాళ్లు చదివింది మనిషి క్రోమోజోములను కాదు, కుంటనీళ్లలో బతికే టెట్రాహైమినా అనే ఏకకణజీవివి. 1984 క్రిస్మస్ రోజున ల్యాబ్‌కు వెళ్లి ఫలితం చూసుకున్న విద్యార్థిని కరోల్ గ్రైడర్‌కు, తరిగిన కొసను మళ్లీ పొడిగించే టెలోమరేజ్ అనే ఎంజైము జాడ దొరికింది. 2009లో బ్లాక్‌బర్న్, గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు నోబెల్ వచ్చింది.

అంతవరకు అది కణశాస్త్రం. దాన్ని వీధిలోకి తెచ్చింది 2004లో ఎలిస్సా ఎపెల్, బ్లాక్‌బర్న్ బృందం అచ్చువేసిన అధ్యయనం. దీర్ఘరోగంతో ఉన్న బిడ్డను సాకుతున్న తల్లులు 39 మంది, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులు 19 మంది. తమ మీద ఒత్తిడి బాగా ఎక్కువని చెప్పినవాళ్ల టెలోమియర్లకూ, తక్కువని చెప్పినవాళ్ల టెలోమియర్లకూ మధ్య కనీసం పదేళ్ల వయసుకు సరిపడా తేడా కనిపించిందన్నారు. మనసులో మోసే బరువు క్రోమోజోము కొసన కనబడుతోందంటే ఎవరికి ఆసక్తి ఉండదు? పేదరికం, రాత్రి షిఫ్టులు, పొగతాగడం, చిన్నప్పటి కష్టాలు... ఒక్కొక్కదానికీ టెలోమియర్ కొలతలు మొదలయ్యాయి. మన మేస్త్రీ, ఇంజినీర్ల ప్రశ్న కూడా ఈ కోవలోదే.

లెక్క చూద్దాం. పెద్దవాళ్ల తెల్ల రక్తకణాల్లో టెలోమియర్ సగటు పొడవు ఉజ్జాయింపుగా 7000 బేసులు, అంటే డీఎన్‌ఏ అక్షరాలు. ఏటా తరిగేది 20 నుంచి 30. ఇక ఒకే వయసున్నవాళ్లను వరసగా నిలబెట్టి కొలిస్తే మనిషికీ మనిషికీ మధ్య మామూలుగా కనిపించే తేడా, గణితంలో ప్రామాణిక విచలనం అంటామే అది, 600 నుంచి 700 బేసులు. ఏడాదికి పాతిక చొప్పున భాగించి చూడండి: పాతికేళ్ల పైమాటే. అంటే ఏ రోగమూ రొష్టూ లేని నలభై ఐదేళ్ల మనిషికి డెబ్బై ఏళ్లవాళ్ల సగటు టెలోమియర్ ఉండటం వింతేమీ కాదు. ఈ తేడాలో ఎక్కువ భాగం పుట్టుకతో వచ్చిందే. కుటుంబాలను, కవలలను చూసిన అధ్యయనాలన్నీ కలిపితే టెలోమియర్ పొడవులోని తేడాల్లో సుమారు 70 శాతం వారసత్వానిదని తేలింది. ఆడవాళ్లకు సగటున కాస్త పొడవు. తండ్రి వయసు మీద పడ్డాక పుట్టిన బిడ్డకూ కాస్త పొడవే.

అందుకే ఒక్క మనిషి చేతికి అంకె ఇచ్చి నీ ఒంటి వయసు ఇంత అని చెప్పడం, నా దృష్టిలో, జాతకం చెప్పడానికి ఎక్కువ దూరంలో లేదు. ఒక మినహాయింపు ఉంది. ఎముక మజ్జ పనిచేయకపోవడం, ఊపిరితిత్తులు గట్టిపడిపోవడం లాంటి కొన్ని అరుదైన వంశపారంపర్య జబ్బుల్లో టెలోమియర్లు విపరీతంగా పొట్టివై ఉంటాయి. నూటికి ఒక్కరికి కూడా లేనంత పొట్టి. అక్కడ ఫ్లో-ఫిష్ అనే పరీక్ష డాక్టరుకు నిజంగానే అక్కరకొస్తుంది. మిగతావాళ్ల విషయంలో వేలమంది సగటుల మీదే ఏదైనా మాట్లాడాలి.

సరే, అజైబా చుట్టుపక్కల రెండువేల మందిని ఒప్పించి రక్తం తీశామే అనుకుందాం. ఇప్పుడు దేంతో కొలవాలి?

పాత, నమ్మకమైన దారి సదరన్ బ్లాట్. డీఎన్‌ఏను ఎంజైములతో కత్తిరించి, జెల్లీలో పరిగెత్తించి, మిగిలిన కొసముక్కల పొడవును బేసుల్లోనే చదువుతారు. దానికి చెడిపోని డీఎన్‌ఏ దండిగా కావాలి, రోజుల తరబడి పని. రెండువేల నమూనాలంటే డబ్బూ ఓపికా రెండూ చాలవు. 2002లో యూటా విశ్వవిద్యాలయంలోని రిచర్డ్ కాథన్ క్యూపీసీఆర్ పద్ధతి తెచ్చాక పెద్ద సర్వేలకు దారి తెరుచుకుంది. దీనికి డీఎన్‌ఏ రవ్వంత చాలు. టెలోమియర్ వరసను, ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండే ఒక జన్యువును పీసీఆర్ యంత్రంలో రెట్టింపులు చేస్తూ పోయి, రెండింటి నిష్పత్తి తీస్తారు. దాన్ని టీ/ఎస్ నిష్పత్తి అంటారు. బయటికొచ్చేది పొడవు కాదు, 0.9, 1.2 లాంటి ఉత్త అంకె.

ఆ యంత్రంలో పెట్టే ప్లేటును కొంచెం దగ్గరగా చూడాలి. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక, దాంట్లో 384 గుంతలు. ప్రతి గుంతలో మైక్రోలీటర్ల లెక్కన ద్రావణం. ప్రతి విడతకూ సరుకు రెట్టింపవుతుంది కాబట్టి, ఏదైనా కారణంగా ఒక గుంత పావు విడత వెనకబడిందంటే చివరి లెక్కలో 19 శాతం దాకా తప్పు వచ్చేస్తుంది. 7000లో 19 శాతమంటే పదమూడు వందల పైచిలుకు బేసులు. మనిషి ఆయుష్షులో సగం కన్నా ఎక్కువ కాలానికి జరిగే అరుగుదల అది! అందుకే ఒక్కో నమూనాను రెండు మూడు గుంతల్లో పోసి సగటు తీస్తారు. పలక అంచున ఉన్న గుంతలు మధ్యవాటిలా వేడెక్కవు, అవి వేరే ఫలితం చూపొచ్చు. ఇప్పుడు ఘలా లేబర్ క్యాంపు నమూనాలన్నీ సోమవారం పలకలోనూ, ఆఫీసువాళ్లవన్నీ మంగళవారం పలకలోనూ పోశారనుకోండి. సోమవారానికీ మంగళవారానికీ ఉన్న తేడా కాస్తా మేస్త్రీకీ ఇంజినీరుకీ ఉన్న తేడాగా అచ్చవుతుంది. నమూనాలను కలిపేసి, ఏది ఎవరిదో పోసేవాళ్లకు తెలియకుండా చేయడం తప్పనిసరి. వినడానికి చిన్న జాగ్రత్తే, పాటించనివాళ్లూ ఉన్నారు.

2011లో అబ్రహాం అవీవ్ బృందం ఒకే నమూనాలను రెండు పద్ధతుల్లో, ఎవరివో తెలియకుండా కొలిపించింది. కొలతకూ కొలతకూ మధ్య ఊగిసలాట సదరన్ బ్లాట్‌లో 1.74 శాతం, క్యూపీసీఆర్‌లో 6.45 శాతం. రెండో అంకెను బేసుల్లోకి మారిస్తే సుమారు 450, అంటే పద్దెనిమిదేళ్ల అరుగుదల. చేయి తిరిగిన ల్యాబ్‌లలో ఇది తగ్గుతుంది, తగ్గించారు కూడా. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంకులో 4,74,074 మంది టెలోమియర్లను లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన వెరియన్ కాడ్, నీలేశ్ సమాని బృందం క్యూపీసీఆర్‌తోనే కొలిచి 2022లో వివరాలు ప్రకటించింది. ఎంజైము ఏ బ్యాచిది, యంత్రం ఏది, పనిచేసినవాళ్లెవరు, ఆ రోజు గదిలో ఉష్ణోగ్రత, తేమ ఎంత అన్నవి కూడా ఫలితాన్ని కదుపుతున్నాయని చూసి, లెక్కల్లో సరిదిద్దారు. ఆగస్టులో మస్కట్ తేమ ఎరిగినవాళ్లకు ఈ ముక్క ప్రత్యేకంగా గుచ్చుకుంటుంది.

ప్లేటు దాకా రాకముందే జరిగే నష్టాలు ఇంకా ఉన్నాయి. ఆసుపత్రిలో తీసిన రక్తం నిమిషాల్లో ఫ్రిజ్‌లోకి వెళ్తుంది. క్యాంపులో సాయంత్రం తీసింది వ్యాన్‌లో తిరిగి రాత్రికి చేరుతుంది. డీఎన్‌ఏను వేరుచేసే పద్ధతి మారితే క్యూపీసీఆర్ ఫలితమూ మారుతుంది. కొందరికి రక్తం, కొందరికి ఉమ్మి తీస్తే రెండింటినీ ఒకే గాటన కట్టడానికి లేదు. ఆ రక్తంలో తెల్లకణాలన్నీ ఒక జాతివి కావు. లింఫోసైట్లు, న్యూట్రోఫిల్స్ వగైరాల్లో కొసల పొడవు వేరువేరు. వారం కిందట జ్వరం వచ్చి తగ్గిన మనిషిలో వీటి పాళ్లు మారిపోయి ఉంటాయి. ఒక్క టెలోమియర్ కూడా తరగకపోయినా సగటు మారుతుంది. గదికి ఎనిమిది మంది పడుకునే చోట జ్వరాలు ఒకరి నుంచి ఒకరికి పాకడం ఎవరికి తెలియదు!

మన దగ్గర జరిగిన పనిని కూడా ఈ వెలుగులోనే చదవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు టెలోమియర్ పొడవు వయసుతో ఎలా మారుతోందో, ఫోలేట్, బీ12 విటమిన్లతో దానికి సంబంధమేమిటో పరిశీలించి 2020లో మైటోకాండ్రియాన్ పత్రికలో ప్రచురించారు. అది సాపేక్ష పొడవు. అంటే ఆ ల్యాబ్‌లో, ఆ ప్రమాణ నమూనాతో పోల్చి చెప్పిన అంకె. దాన్ని తీసుకొచ్చి మస్కట్‌లో ఇంకో ల్యాబ్ ఇచ్చిన అంకె పక్కన పెట్టి, హైదరాబాద్‌లో ఉంటే మేలా, ఒమాన్‌లో ఉంటే మేలా అని తేల్చడం కుదరదు.

2005లో చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రిసెర్చ్ ఫౌండేషన్ నుంచి వచ్చిన పత్రం ఇంకో పాఠం. షుగరు ఉన్నవాళ్లు 40 మంది, లేనివాళ్లు 40 మంది. సదరన్ బ్లాట్‌లో సగటు పొడవు మొదటివాళ్లకు 6010 బేసులు, రెండోవాళ్లకు 9110. భారతీయుల్లో మధుమేహానికీ టెలోమియర్లకూ సంబంధం వెతికిన తొలి ప్రయత్నాల్లో ఒకటిగా దాని విలువ దానిదే. షుగరు ఉన్నవాళ్లలో కొసలు పొట్టి అన్నది తర్వాత వేరే దేశాల్లోనూ పలుమార్లు కనిపించింది. కానీ 3100 బేసుల తేడాను ఏడాదికి పాతికతో భాగిస్తే నూట ఇరవై ఏళ్లు దాటుతుంది. అంత అరుగుదలను షుగరు ఖాతాలో వేయడానికి నాకు చేయి రాదు. గుంపు చిన్నదైతే ఎవరు ఏ గుంపులో పడ్డారన్న యాదృచ్ఛికతే పెద్ద తేడాగా కనబడగలదు. పైగా షుగరు వల్ల కొస తరిగిందా, పొట్టి కొసతో పుట్టినవాళ్లకు షుగరు త్వరగా వచ్చిందా? ఒక్కసారి తీసిన రక్తం ఈ ప్రశ్నకు జవాబివ్వలేదు.

ఇంతవరకు గాజు గొట్టాల గొడవ. నన్నడిగితే అజైబాలో అసలు చిక్కు మనుషుల దగ్గరే.

2020 జనాభా లెక్కల ప్రకారం ఒమాన్‌లో ఉన్న సుమారు 44.7 లక్షల మందిలో 39 శాతం దాకా బయటి దేశాలవాళ్లు. వీళ్లు దేశంలోకి జల్లెడ పట్టగా వచ్చినవాళ్లు. ఊళ్లో ఏజెంటు మాట్లాడే మొదటి మాటే గమ్కా మెడికల్. ఇప్పుడు పేరు వఫిద్‌గా మారినా మనవాళ్ల నోట ఇంకా గమ్కాయే. ఎక్స్‌రే, రక్తపరీక్షలు, క్షయ, హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్‌లు. ఏదైనా తేడా వస్తే అన్‌ఫిట్, వీసా లేదు. ఇదొక వడపోత. రెండోది తిరుగు దారిలో ఉంది. ఒళ్లు బాగా చెడినవాళ్లు ఇక్కడ ఉండరు, ఇంటికి వెళ్లిపోతారు. కాబట్టి యాభై ఐదేళ్ల వయసులో ఇంకా ఇక్కడ గోడ కడుతూ కనిపించే మేస్త్రీ, ముప్ఫై ఏళ్ల కిందట వచ్చినవాళ్లందరికీ ప్రతినిధి కాడు, తట్టుకుని మిగిలినవాడు. అలాంటివాళ్లనే కొలిస్తే, ఎండలో కష్టపడితే టెలోమియర్లు పెరుగుతాయన్న ఫలితం వచ్చినా ఆశ్చర్యపోను.

ఇది ఊహ కాదు. కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే సంస్థ లక్షకు పైగా మందిని కొలిచినప్పుడు ఇలాంటిదే కనబడింది. వయసుతో పాటు సగటు పొడవు తగ్గుతూ వచ్చి, 75 దాటినవాళ్లలో పైకి లేచింది. ముసలితనంలో కొసలు పెరిగాయని కాదు, పొట్టివి ఉన్నవాళ్లలో ఎక్కువమంది అప్పటికే వెళ్లిపోయారు. యూకే బయోబ్యాంకులో కూడా ఆహ్వానాలు అందుకున్నవాళ్లలో చేరింది 5.5 శాతమే, వాళ్లలో 94 శాతం దాకా తెల్లవాళ్లు. అక్కడి ప్రమాణాలను రాయచోటి నుంచి వచ్చిన మనిషికి అంటగట్టలేం.

మరి మేస్త్రీని ఎవరితో పోల్చాలి? ఇంజినీరుతో పోలిస్తే ఊరు, కులం, తిండి, బాల్యం అన్నీ వేరు. ఇక్కడ మనవాళ్లు ఇదివరకే చేసిన మంచి పని ఒకటి అక్కరకొస్తుంది. 2005–07 మధ్య ఇండియన్ మైగ్రేషన్ స్టడీ నాలుగు నగరాల్లో ఫ్యాక్టరీల మీద ఆధారపడి సాగింది. హైదరాబాద్‌లో బీహెచ్‌ఈఎల్. పల్లె వదిలి ఫ్యాక్టరీలో చేరినవాళ్లను, ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో పోల్చారు. వాళ్లు చూసింది స్థూలకాయం, షుగరు. ఊళ్లో ఉన్నవాళ్ల కన్నా వలస వెళ్లినవాళ్లకు ఆ రెండూ ఎక్కువని 2010లో ప్రకటించారు. టెలోమియర్‌కు ఈ నమూనా చక్కగా అతుకుతుంది. 70 శాతం వారసత్వమైనప్పుడు అన్నను తమ్ముడితో పోల్చడమంటే పుట్టుకతో వచ్చిన ఆ తేడాల్లో మంచి భాగాన్ని ఒక్క దెబ్బకు తీసేయడమే. అజైబాలో అన్న, ఊళ్లో తమ్ముడు. అయినా తమ్ముడు పుట్టేనాటికి తండ్రి వయసు పెరిగి ఉంటుంది కాబట్టి ఆ ఏళ్ల తేడాను కూడా లెక్కలో వేసుకోవాలి.

మేనరికాలున్న చోట ఇంకో మెలిక. రాయలసీమలోనూ, తీరాంధ్రలోనూ మేనమామ, మేనత్త కొడుకు సంబంధాలు కొత్త కాదు. ఒమాన్‌లోనూ దగ్గరి బంధువుల పెళ్లిళ్లు చాలా ఎక్కువ. సుల్తాన్ కాబూస్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో జరిగిన ఒమాన్ ఫ్యామిలీ స్టడీ నిజ్వా ప్రాంతంలో అలా అల్లుకుపోయిన ఐదు పెద్ద వంశాలనే తీసుకుని, వెయ్యికి పైగా మందిలో బీపీ, బరువు, షుగరు ఎంతవరకు వారసత్వమో లెక్కగట్టింది. చుట్టరికం తెలిస్తే అది బలం. తెలియకుండా ఒకే క్యాంపులో ఒకే ఊరివాళ్లను యాభై మందిని తీసుకుంటే, యాభై మంది అనుకున్నది నాలుగు కుటుంబాలని తర్వాత బయటపడుతుంది.

ఒమాన్‌లో గడిపిన ఏళ్లు కొసలను నిజంగా అరగదీశాయా అంటే రెండుసార్లు కొలవాల్సిందే, వచ్చినప్పుడోసారి, కొన్నేళ్లకోసారి. ఐదేళ్లలో సహజంగా తరిగేది సుమారు 125 బేసులు. క్యూపీసీఆర్ ఊగిసలాట 450 అని పైన చూశాం. అందుకే ఇలాంటి అధ్యయనాల్లో కొందరి టెలోమియర్లు పెరిగినట్టు కూడా వస్తుంది. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు స్టీన్‌స్ట్రప్, ఆయన సహచరులు 2013లో ఆ పెరుగుదల చాలావరకు కొలత తప్పేనని చూపించారు. సరిగ్గా అదే ఏడాది డీన్ ఆర్నిష్ బృందం, శాకాహారం, వ్యాయామం, ధ్యానం పాటించినవాళ్లలో ఐదేళ్లకు టెలోమియర్లు పొడుగయ్యాయని ప్రకటించింది. పాటించినవాళ్లు పదిమంది, పోల్చినవాళ్లు ఇరవై ఐదుగురు. ఇప్పటికీ యోగా ప్రకటనల్లో తిరుగుతున్నది ఆ పదిమంది ఫలితమే. నడక మంచిదే, ఆకుకూరలు మంచివే. దానికి టెలోమియర్ సాక్ష్యం అక్కర్లేదు.

పొడుగైతే మంచిదన్న నమ్మకమూ నిలబడలేదు. జన్యుపరంగా పొడవాటి కొసలు వచ్చినవాళ్లకు గుండెజబ్బు ముప్పు తగ్గినా, కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు పెరుగుతుందని 2017లో పెద్ద విశ్లేషణ తేల్చింది. 2023లో జాన్స్ హాప్‌కిన్స్ బృందం, పాట్‌1 అనే జన్యువులో మార్పు వల్ల అసాధారణంగా పొడవాటి టెలోమియర్లున్న కుటుంబాల్లో రకరకాల కణితులను, రక్తకణాల్లో అదుపు తప్పిన గుంపులను చూసింది. అరిగి ఆగిపోవాల్సిన కణం ఆగకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు కదా.

కొత్త పరికరాలు రాకపోలేదు. 2024లో గ్రైడర్ బృందం నానోపోర్ పద్ధతిలో 147 మందిలో ఏ క్రోమోజోము కొస ఎంతుందో విడివిడిగా చదివింది. ఒకే మనిషిలో కొసకూ కొసకూ మధ్య 6000 బేసులకు పైగా తేడా ఉండొచ్చని కనిపించింది. మనం ఇంతకాలం సగటు తీస్తూ వచ్చింది ఈ 92ని కలిపి! ఖర్చు తగ్గితే అజైబా సర్వేకు నేను ఎంచుకునేది దీన్నే.

యంత్రం దొరికినా, మొదటి నమూనా ఎక్కడ తీయాలన్నది మిగిలింది. విమానం ఎక్కకముందు తీయాలి కాబట్టి గమ్కా సెంటరే సులువు. ఎలాగూ సూది గుచ్చుతున్నారు, ఇంకో గొట్టం నింపితే పోయేదేముంది అనిపిస్తుంది. కానీ అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టి, ఫిట్ అన్న మాట కోసం వరసలో నిలబడ్డ మనిషి అక్కడ దేనికి కాదంటాడు? సంతకం పెట్టమంటే పెడతాడు. పెట్టాక పక్కవాణ్ని అడుగుతాడు, "అన్నా, ఈ రిపోర్టు కంపెనీకి పోతాదా?" అని. ఆ భయంతో ఇచ్చింది సమ్మతి కాదు. అందుకని ఆ నమూనాను వీసా స్టాంపు పడ్డాక, ప్రయాణానికి ముందు మిగిలిన రోజుల్లో, ఊళ్లోని పీహెచ్‌సీలో తీయాలి. ఏజెంటుకూ కంపెనీకీ సంబంధం లేని మనిషి తీయాలి. అదే రోజు, అదే బల్ల దగ్గర తమ్ముడిది కూడా తీసి రెండు గొట్టాలూ ఒకే పెట్టెలో పంపాలి. రెండో నమూనాకు ఆయన సెలవు మీద ఇంటికి వచ్చేదాకా ఆగొచ్చు. మళ్లీ ఇద్దరూ ఒక చోట ఉండేది అప్పుడే.